ఫినిష్ బాగుంది, ఆయిల్ కారుతోంది: ఒక షాఫ్ట్ కేసు

రైస్ మిల్లుల్లో బకెట్ ఎలివేటర్లు తిప్పే గేర్‌బాక్సులకు ఇన్‌పుట్ షాఫ్టులు చేసివ్వడం మా పనుల్లో ఒకటి. బాలానగర్‌లో చిన్న మిషన్ షాపు మాది. నాలుగు లేత్‌లు, ఒక సీఎన్‌సీ, నాకంటే వయసులో పెద్దదైన ఒక సిలిండ్రికల్ గ్రైండర్. నేను అక్కడ క్వాలిటీ చూస్తాను. ఈ కేసులో తప్పు మాదే. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఎనిమిది నెలల పాటు ఆ తప్పు మా చేతిలోని గరుకు కొలిచే మీటరుకు ఎందుకు చిక్కలేదన్నదే ఇక్కడ అసలు సంగతి.

షాఫ్ట్ ఈఎన్-19 స్టీలు. ఆయిల్ సీల్ (రబ్బరు పెదవితో షాఫ్టును చుట్టి పట్టి, ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు) కూర్చునే చోట వ్యాసం 40 మిల్లీమీటర్లు, పొడవు 25. అక్కడ ఇండక్షన్ హార్డెనింగ్ చేసి గ్రైండ్ చేస్తాం. డ్రాయింగ్‌లో అడిగింది ఒకే ఒక్క ముక్క: ఆర్‌ఏ (గరుకు ఎత్తుల సగటు) 0.2 నుంచి 0.8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). సీళ్ళ గురించి చెప్పే జర్మన్ ప్రమాణం డిన్ 3760 కూడా ఇదే హద్దు పెడుతుంది. దానితోపాటు ఆర్‌జెడ్ (శిఖరం నుంచి లోయ దాకా ఎత్తు) 1 నుంచి 5 మైక్రాన్ల మధ్య ఉండాలంటుంది. మా డ్రాయింగ్ గీసినాయన ఆ రెండో సగం వదిలేశాడు. పాత డ్రాయింగులతో పోలిస్తే ఇదీ నయమే. ఫినిష్‌కు గుర్తుగా మూడు త్రిభుజాలు గీసి పంపే రోజుల్లో ఆ గుర్తు కింద 0.025 నుంచి 1.6 మైక్రాన్ల దాకా అన్నీ పట్టేవి. అద్దమూ అదే గుర్తు, సాదా గ్రైండింగూ అదే గుర్తు.

గొడవ మొదలైంది ఒక రిజెక్షన్‌తో. ఒక లాటులో కొన్ని షాఫ్టులు 0.85, 0.9 చూపించాయని కస్టమర్ ఇన్‌స్పెక్షన్‌లో వెనక్కి కొట్టారు. మా గ్రైండింగ్ వీల్ మొద్దుబారింది, వీల్‌ను చెక్కి పదును పెట్టే డ్రెస్సింగ్ డైమండ్ అరిగిపోయింది. కొత్తది తెప్పించడానికి టైము లేదు. గ్రైండింగ్ అయ్యాక లేత్ మీద బిగించి ఎమ్రీ పేపర్‌తో ఒక చెయ్యి వేస్తే సరిపోతుందన్నారు ఎవరో. ఎవరో ఏమిటి, నేనే అన్నాను. 320 నంబరు ఎమ్రీ, కాస్త ఆయిలు, షాఫ్టుకు పన్నెండు సెకన్లు. మీటరు 0.3, 0.4 చూపించింది. చేత్తో తడిమితే పట్టులా ఉంది. లాటు పాసయింది. ఆ తరువాత ఎమ్రీ ఒక అలవాటుగా, ఆపైన ఆపరేషన్ షీట్‌లో ఒక వరుసగా మారిపోయింది.

నెలన్నరకు మిర్యాలగూడ నుంచి మొదటి ఫోను వచ్చింది. గేర్‌బాక్స్ ముందు వైపు ఆయిల్ కారుతోందని.

తప్పుడు దారులు

ఆయిల్ కారితే అందరూ ముందు సీల్‌నే తిడతారు. మేమూ తిట్టాం. సీల్ కంపెనీ మార్చాం, కారింది. ఎన్‌బీఆర్ బదులు ఖరీదైన విటాన్ రబ్బరు సీల్ వేశాం, అదీ కారింది. తరువాత అనుమానం బ్రీదర్ మీదికి పోయింది. ఇది ఊరికే వచ్చిన అనుమానం కాదు. రైస్ మిల్లులో గాలి నిండా తవుడు, ఊక దుమ్ము. బ్రీదర్ రంధ్రం మూసుకుపోతే వేడికి లోపల గాలి ఉబ్బి ఆయిల్‌ను సీల్ కిందనుంచి నెడుతుంది. వెళ్ళి విప్పితే కొన్ని నిజంగానే మూసుకుపోయి ఉన్నాయి. కడిగి పెట్టాం. రెండు రోజులు సంతోషించాం. మళ్ళీ ఫోను. ఆయిల్ లెవల్ ఎక్కువ పోస్తున్నారేమో చూశాం, సరిగ్గానే ఉంది. షాఫ్ట్ ఊగుతోందేమోనని డయల్ పెట్టాం, ముల్లు కదల్లేదు.

అప్పుడు చేసిన పని చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది. ఫినిష్ ఇంకా నున్నగా చేస్తే ఆగుతుందేమో అనుకున్నాం. బఫ్ పెట్టి, పేస్టు రాసి, నాలుగు షాఫ్టులను అద్దంలా చేశాం. మొహం కనపడేంత. మీటరులో 0.07. (అంత నున్నటి దాన్ని కొలిచేటప్పుడు కట్-ఆఫ్ (మీటరు ఒక్కో విడతలో లెక్కలోకి తీసుకునే పొడవు) 0.8 మిల్లీమీటర్ల నుంచి 0.25కి మార్చాలి. చాలా షాపుల్లో మార్చరు. మేమూ మొదటిసారి మార్చలేదు.) మొదటి రోజు చుక్క కూడా రాలేదు. మూడో రోజు సీల్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. వారానికి రబ్బరు కాలిన వాసన. విప్పి చూస్తే సీల్ పెదవి అంచు నల్లగా మెరుస్తూ, గోరుతో నొక్కితే దిగనంత గట్టిపడి, సన్నగా పగుళ్ళిచ్చి ఉంది. ఆ తరువాత మామూలు షాఫ్టుల కంటే ఎక్కువ కారింది.

నునుపు ఎక్కువైతే లాభం కాదని అప్పుడు పుస్తకాలు తిరగేశాను. రబ్బరు పెదవి షాఫ్టును ఒరుసుకుంటూ తిరుగుతుందని మనం అనుకుంటాం. బాగా పనిచేసే సీల్‌లో అది నిజం కాదు. పెదవికీ షాఫ్టుకూ మధ్య దాదాపు ఒక మైక్రాన్ మందం ఆయిల్ పొర ఉంటుంది. 1957లో జాగర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు దీన్ని ప్రయోగాలతో చూపించాడు. ఆ పొరను పట్టి ఉంచడానికి షాఫ్టు మీద సన్నటి గుంటలు కావాలి. బొత్తిగా గుంటలే లేకపోతే పొర నిలవదు, రబ్బరు పొడిగా రాసుకుని కాలిపోతుంది. ప్రమాణాల్లో 0.8 అనే పై హద్దుతో పాటు 0.2 అనే కింది హద్దు ఉండడానికి కారణం ఇదే. డ్రాయింగ్ మీద రెండు అంకెలూ ఉన్నాయి. కింది అంకెను మేం ఎప్పుడూ పట్టించుకోలేదు. తక్కువ వస్తే మంచిదే కదా అని.

ఇటు తిరిగేవి, అటు తిరిగేవి

అద్దం ప్రయోగం విఫలమయ్యాక పొద్దున్నే బయల్దేరి మిర్యాలగూడ వెళ్ళాను. ఒక మిల్లులో మా గేర్‌బాక్సులు పదకొండు ఉన్నాయి. సేటు మొహం చూసి మాట్లాడే ధైర్యం లేక, నేరుగా ఫిట్టర్ దగ్గరికి పోయాను. పెద్దాయన. బీడీ ఆర్పేసి తీసుకెళ్ళి చూపించాడు.

"ఇగో సార్, గిటు తిరిగేటివన్నీ కారుతున్నయ్. అటు తిరిగేటివి మంచిగనే ఉన్నయ్. మొదటి సంది గంతే."

"ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదా?"

"ఎవలన్న అడిగితే గద సార్ చెప్పేది."

ఎలివేటర్ తలకు ఒక పక్క బిగించిన గేర్‌బాక్స్ ఒకవైపు తిరిగితే, రెండో పక్క బిగించింది ఎదురు తిరుగుతుంది. పుల్లీ ముందు నిలబడి చూశాను. గడియారం ముల్లులా తిరిగేవి ఆరు, ఆరూ తడి. ఎదురు తిరిగేవి ఐదు, ఐదూ పొడి. సీల్ చెడ్డదైతే దానికి దిక్కు తెలుస్తుందా? బ్రీదర్ మూసుకుపోతే దానికి కుడి ఎడమలు తెలుస్తాయా? మేం ఇన్నాళ్ళూ అనుమానించినవాటిలో ఒక్కదానికీ దిక్కుతో పని లేదు. దిక్కుతో పని ఉండేది మర (స్క్రూ చుట్టు) ఒక్కదానికే.

కారుతున్న ఒక గేర్‌బాక్స్ విప్పించి షాపుకు తెచ్చుకున్నాం. టెస్ట్ బెంచి మీద పెట్టి, ఇన్‌పుట్‌ను నిమిషానికి వెయ్యి చుట్లు తిప్పాం. ఇరవై నిమిషాలకు సీల్ కింద చెమ్మ, గంటకు చుక్క. మోటారుకు రెండు ఫేజు వైర్లు తారుమారు చేసి ఎదురు తిప్పాం. తుడిచిన చోటు గంటయినా పొడిగానే ఉంది. మళ్ళీ వైర్లు మార్చాం, మళ్ళీ చెమ్మ. అదే సీలు, అదే షాఫ్టు, అదే ఆయిలు.

దారం

షాఫ్టు మీద కంటికి కనపడని మరచుట్టు ఉందన్నమాట. సీళ్ళవాళ్ళు దీన్ని లీడ్ అంటారు. ఎలా పట్టుకోవాలి? ఆర్‌ఏ మీటరు పనికిరాదు. ఎందుకో ఒక్కసారి ఆలోచిస్తే ఇంతకాలం ఎలా మోసపోయామో అర్థమవుతుంది. మీటరు వజ్రపు ముల్లు షాఫ్టు పొడవునా, గీతలకు అడ్డంగా నాలుగు మిల్లీమీటర్లు నడుస్తుంది. ఎక్కిన దిగిన ఎత్తుల సగటు చెబుతుంది. ఆ గీతలు షాఫ్టును సరిగ్గా గుండ్రంగా చుట్టి ఉన్నా, డిగ్రీలో ఐదో వంతు వాలి మరచుట్టులా పోతున్నా, అడ్డంగా నడిచే ముల్లుకు ఒకటే. దున్నిన పొలంలో చాళ్ళ లోతు కొలిచి, నీళ్ళు ఎటు పోతాయో చెప్పమంటే ఎలా? చాలు వాలుకు అడ్డంగా ఉంటే నీరు నిలుస్తుంది, వాలు వెంబడి ఉంటే చేను దాటిపోతుంది. లోతు రెండు చోట్లా అదే.

దీనికి ఉన్న పరీక్ష వింటే నవ్వొస్తుంది. ఒక దారం, ఒక బరువు. అమెరికా రబ్బరు తయారీదారుల సంఘం ప్రమాణంలోనే ఉంది. షాఫ్టును పడుకోబెట్టి బిగించి, పల్చటి ఆయిల్ రాసి, సన్నటి నూలు దారం ఒక కొన పక్కన కట్టి, షాఫ్టు మీద మూడింట రెండు వంతుల చుట్టు వేసి, రెండో కొనకు 30 గ్రాముల బరువు వేలాడదీయాలి. నిమిషానికి 60 చుట్ల చొప్పున నెమ్మదిగా తిప్పాలి. మర ఉంటే దారం పక్కకు జరుగుతుంది. లేకపోతే ఉన్నచోటే ఉంటుంది. రెండు దిక్కులా తిప్పి చూడడం తప్పనిసరి. షాఫ్టు వాలుగా బిగిస్తేనో, సీటు (సీల్ కూర్చునే చోటు) కొంచెం కోసుగా ఉంటేనో కూడా దారం జరుగుతుంది, కానీ ఎటు తిప్పినా ఒకే పక్కకు. మర అయితే తిప్పే దిక్కు మారగానే దారమూ వెనక్కి నడుస్తుంది.

మాకు సిలికాన్ ఆయిల్ దొరకలేదు, కుట్టు మిషన్ నూనె వాడాం. బరువుకు నట్లు ఏరి, పక్క వీధిలో బంగారం షాపు కాంటా మీద తూయించుకొచ్చాడు మా కుర్రాడు. "అన్నా, తులం రేటు కట్టమంటున్నరు" అని నవ్వుతూ.

ముప్పై చుట్లకు దారం పన్నెండు మిల్లీమీటర్లు జరిగింది. షాపులో అందరం చుట్టూ మూగి చూస్తున్నాం. పేపరుతో తుడిస్తే మెరిసే షాఫ్టు, దాని మీద దారం పురుగులా పాకుతూ పోతోంది. ఎదురు తిప్పితే అంతే దూరం వెనక్కి పాకింది.

లెక్క చిన్నదే. 40 మిల్లీమీటర్ల వ్యాసానికి చుట్టుకొలత 125.7. ముప్పై చుట్లంటే 3,770 మిల్లీమీటర్లు. అందులో 12 జరిగిందంటే వాలు 0.18 డిగ్రీలు. ప్రమాణం ఒప్పుకునేది అటూ ఇటూ 0.05 డిగ్రీలు. మా షాఫ్టు మీద అది ముప్పై చుట్లకు 3.3 మిల్లీమీటర్ల జరుగుడు. మేం దానికి మూడున్నర రెట్లకు పైనే ఉన్నాం.

0.18 డిగ్రీలంటే ఎంత? గోడకు కొట్టిన మేకుకు ఫొటో తగిలిస్తే అంత వంకర ఎవరి కంటికీ ఆనదు. కానీ సీల్ వైపు నుంచి చూడాలి. చుట్టుకు 0.4 మిల్లీమీటర్లు. నిమిషానికి వెయ్యి చుట్లంటే ఆ సన్న చాళ్ళు పెదవి కింద సెకనుకు ఆరున్నర మిల్లీమీటర్ల వేగంతో బయటికి పాకుతున్నట్టు లెక్క. పెదవి షాఫ్టును తాకే పట్టీ వెడల్పు 0.2 మిల్లీమీటర్లకు మించదు. పగలూ రాత్రీ ఆగకుండా చిన్న స్క్రూ కన్వేయరు నడుస్తోంది అక్కడ.

మా ఉస్తాద్ గ్రైండర్ మీద ముప్పై ఏళ్ళ నుంచి ఉన్నాడు. ఆయన ఒక్క మాటతో తేల్చేశాడు. "తిరగలి రాయికి కక్కు కొడితే పిండి దానంతటదే బయటికొస్తది గద. మనం షాఫ్టుకు కక్కు కొట్టినం."

సీల్ పంపు, షాఫ్టు పంపు

ఇక్కడ సీల్ గురించి ఒక మాట చెప్పకపోతే, కారని ఐదింటి సంగతి తెమలదు. సీల్ ఉత్త అడ్డుగోడ కాదు, దానికదే ఒక చిన్న పంపు. పెదవికి ఆయిల్ వైపు వాలు నిటారుగా, గాలి వైపు వాలు ఏటవాలుగా ఉంటుంది. చుట్టూ బిగించిన స్ప్రింగు కూడా అంచుకు సరిగ్గా ఎదురుగా కాకుండా కొంచెం గాలి వైపుకు జరిగి ఉంటుంది. దాంతో ఒత్తిడి ఆయిల్ వైపు ఎక్కువగా పోగవుతుంది. షాఫ్టు తిరిగేటప్పుడు రబ్బరు మీది సన్న గరుకులు ఒకవైపు మెలితిరిగి ఆయిల్‌ను లోపలికి నెడుతుంటాయి. షాఫ్టు ఎటు తిరిగినా ఈ తోపుడు లోపలికే. మంచి సీల్ కారకపోవడానికి కారణం ఇది, బిగువు కాదు. కాబట్టి ఇక్కడ పోటీ రెండు పంపుల మధ్య. రబ్బరు లోపలికి తోస్తుంటే, మా ఎమ్రీ గీతలు బయటికి తోశాయి.

మరి ఎదురు తిరిగేవి? అక్కడ రెండూ కలిసి లోపలికే తోస్తాయి. అంటే మంచిదేనా? నేనూ మొదట అలాగే అనుకుని, ఆ ఐదింటిని వదిలేద్దామన్నాను. ఉస్తాద్ ఒప్పుకోలేదు. రెండింటిని విప్పించాడు. పెదవి అంచు వెడల్పుగా అరిగి, ఎండినట్టు ఉంది. సీల్ లోపలి వైపు ఆయిల్‌లో తవుడు దుమ్ము పేస్టులా పట్టి ఉంది. లోపలికి తోపుడు మరీ ఎక్కువైతే పెదవి కింద ఆయిలే మిగలదు, పైగా బయటి దుమ్మును కూడా లాక్కుపోతుంది. కారలేదు కాబట్టి ఎవరూ ఫోను చేయలేదు, అంతే. ఇంకో సీజన్ నడిస్తే బేరింగులతో సహా పోయేవి. ఈ కేసులో నన్ను నిజంగా భయపెట్టింది కారిన ఆరు కాదు, ఈ ఐదు.

చెయ్యి

మర ఎక్కడి నుంచి వచ్చింది? పాత స్టాకులో ఎమ్రీ తగలని షాఫ్టులు మూడు దొరికాయి. ఇన్‌స్పెక్షన్‌లో కొట్టేసిన లాటువే, ఆర్‌ఏ 0.9. దారం పెట్టి చూస్తే ముప్పై చుట్లకు రెండు మిల్లీమీటర్లు కదిలింది. హద్దులోనే ఉంది. బెంచి మీద పెట్టి రెండు దిక్కులా తిప్పాం. రెండు దిక్కులా పొడి. అంటే మీటరు పనికిరాదన్న షాఫ్టు ఆయిల్ ఆపింది, మీటరు మెచ్చుకున్న షాఫ్టు కార్చింది. ఈ మాట కస్టమర్‌కు ఎలా చెప్పాలో తెలియక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు లేత్ దగ్గర నిలబడి ఎమ్రీ పట్టే కుర్రాణ్ణి చూశాను. స్పిండిల్ నిమిషానికి ఐదొందల చుట్లు. కుడి చేత్తో పేపరు పట్టి టెయిల్‌స్టాక్ (షాఫ్టు కుడి కొనను ఆపే భాగం) వైపు నుంచి చక్ (ఎడమ కొనను పట్టి తిప్పే భాగం) వైపుకు నెమ్మదిగా లాగుతాడు. సీటు పొడవు, అటూ ఇటూ కాస్త కలుపుకుని నలభై మిల్లీమీటర్లు, పన్నెండు సెకన్లు. చక్ దగ్గర చెయ్యి తీసేస్తాడు. వెనక్కి రాడు. చక్ నుంచి చెయ్యి దూరం పెట్టడం మేమే నేర్పిన జాగ్రత్త కాబట్టి అతన్ని తప్పుపట్టడానికి లేదు. సెకనుకు 3.3 మిల్లీమీటర్లు, ఎనిమిది చుట్లకు పైన. చుట్టుకు 0.4 మిల్లీమీటర్లు. దారం చెప్పిన అంకే. లేత్ మీద టెయిల్‌స్టాక్ నుంచి చక్ వైపు టూలు నడిపితే కుడి మర పడుతుందని ఐటీఐ మొదటి ఏడాది కుర్రాడికి కూడా తెలుసు. టూలుకు బదులు ఎమ్రీ రేణువులు అదే మర కోశాయి, లోతు మాత్రం మైక్రాన్‌లో సగం. కుడి మర పడిన షాఫ్టు పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారంలా తిరిగినప్పుడు ఆయిల్‌ను మన వైపుకు తెస్తుంది. అన్నీ కలిశాయి. ఒకే కుర్రాడు, ఒకే చెయ్యి, ఒకే తీరు, కాబట్టే ఆరుకు ఆరూ కారాయి. ఇద్దరు ముగ్గురు చేసి ఉంటే కారేవీ కారనివీ కలగాపులగమై, ఫిట్టర్‌కు ఆ దిక్కు తేడా కనపడేదే కాదు.

సరిచేయడం

ఎమ్రీ ఆపేశాం. కొత్త డైమండ్ తెచ్చాం. టేబుల్‌ను పక్కకు నడిపే గ్రైండింగ్ మానేసి, సీటు కంటే వెడల్పైన వీల్‌తో నేరుగా లోపలికి దింపే ప్లంజ్ గ్రైండింగ్ పెట్టాం. వీల్ పక్కకు నడవకపోతే మర ఎలా పడుతుంది అనుకున్నాం. మొదటి షాఫ్టు మీద దారం ఐదు మిల్లీమీటర్లు జరిగింది.

ఒక రోజంతా తలలు పట్టుకున్నాం. కారణం రెండు చోట్ల ఉంది. వీల్‌ను డ్రెస్ చేసేటప్పుడు డైమండ్ వీల్ మీద పక్కకు నడుస్తుంది కదా, వీల్ మీదే ఒక మర గీస్తుంది. అది షాఫ్టు మీద అచ్చు పడాలంటే వీల్ మీది ఒక చోటు ప్రతిసారీ షాఫ్టు మీది అదే చోటును తాకాలి. మా వీల్ 1,650 చుట్లు, షాఫ్టు 150. సరిగ్గా పదకొండు రెట్లు. వీల్ పదకొండు తిరిగేసరికి షాఫ్టు ఒకటి తిరిగి మళ్ళీ అదే చోటుకు వస్తోంది. రబ్బరు స్టాంపు వేసినట్టు ప్రతి చుట్టూ అదే అచ్చు మీద పడుతోంది. షాఫ్టును తిప్పే వర్క్‌హెడ్ బెల్టు ఒక మెట్టు మార్చి, నిష్పత్తి పూర్ణాంకం కాకుండా చూశాం. రెండోది, స్పార్క్ అవుట్. కోత ఆపాక నిప్పురవ్వలు పూర్తిగా ఆగేదాకా వీల్‌ను అక్కడే ఉంచాలి. మా వాళ్ళు సైకిల్ టైము కోసం రవ్వలు పల్చబడగానే వెనక్కి తీసేవారు. ఇప్పుడు ముప్పై సెకన్లు. షాఫ్టుకు అర నిమిషం ఎక్కువ, ఎమ్రీ పని తగ్గింది, లెక్క చూస్తే దాదాపు సరికి సరి.

ఆర్‌ఏ 0.35. దారం రెండు దిక్కులా మిల్లీమీటరు లోపే. బెంచి మీద మూడు రోజులు ఒకవైపు, మూడు రోజులు ఇంకోవైపు. పొడి.

మిల్లుల్లో ఉన్నవాటికి షాఫ్టులన్నీ మార్చే స్తోమత మాకు లేదు. సీల్ సీటు మీదికి దాదాపు 0.3 మిల్లీమీటర్ల మందం స్టెయిన్‌లెస్ స్లీవ్ ఎక్కించాం. మార్కెట్లో దొరికేవే, అంత పల్చన కాబట్టి అదే సైజు సీల్ సరిపోతుంది. మంచి రకం స్లీవ్‌కు మర ఉండదు. మంచి రకమా కాదా అన్నది దారంతో చూశాకే కొన్నాం, రెండు వెనక్కి పంపాం. ఆ వానాకాలం పంట, తరువాతి యాసంగి రెండూ గడిచాయి. పదకొండులో పది పొడిగా ఉన్నాయి. పదకొండోదాని బ్రీదర్ మళ్ళీ మూసుకుపోయింది. దానికి మా షాఫ్టుకు సంబంధం లేదు, అయినా సేటు మాకే ఫోను చేస్తాడు.

ఈ కేసు తరువాత ఆర్‌ఏ అంకె వినగానే నాకు ఒక ప్రశ్న వస్తుంది: గీతలు ఎటు పోతున్నాయి, శిఖరాలా గుంటలా? ఒక నున్నటి తలం మీద అక్కడక్కడ లోతు గీతలుంటే వచ్చే ఆర్‌ఏ, అదే తలం మీద అక్కడక్కడ మొనలు లేచి ఉంటే వచ్చే ఆర్‌ఏ ఒకటే కావచ్చు. మొదటిది ఆయిల్‌ను దాచుకుంటుంది, రెండోది రబ్బరును కోస్తుంది. ఇంజన్ రీబోర్ చేసేవాళ్ళకు ఇది చేతికి తెలిసిన విద్య. సిలిండర్‌ను హోనింగ్ చేసి గళ్ళ గీతలు వేస్తారు, ఆ తరువాత సన్నటి రాయితో పైన మొనలు మాత్రం తీసేస్తారు. కింద చాళ్ళలో ఆయిల్ నిలుస్తుంది, పైన చదునుగా రింగులు జారతాయి. అలాంటి తలాన్ని ఒకే సగటుతో చెప్పలేమనే శిఖరానికి ఒక అంకె, నడుమ భాగానికి ఒకటి, లోయకు ఒకటి విడివిడిగా పెట్టుకున్నారు. వాటికి ఆధారమైన గీతను ఆబట్, ఫైర్‌స్టోన్ అనే ఇద్దరు 1933లోనే గీసి చూపించారు. మా షాపు మీటరులో కూడా ఆ అంకెలు ఉన్నాయి. కొన్ననాటి నుంచి ఆ పేజీ తెరవలేదు.

అయితే ఆ అంకెలన్నీ తెరిచినా ఈ కేసు దొరికేది కాదు. అవి కూడా ముల్లు అడ్డంగా నడిచి తెచ్చినవే. దిక్కు తెలియాలంటే షాఫ్టు చుట్టూ చాలా చోట్ల కొలిచి ఆ గీతలను పక్కపక్కన పేర్చే పెద్ద యంత్రాలు కావాలి. వాహన కంపెనీల దగ్గర ఉంటాయి. మా దగ్గర దారం ఉంది.

కస్టమర్ డ్రాయింగ్‌లో ఇప్పుడు ఒక వరుస కలిపారు: సీల్ సీటు ప్లంజ్ గ్రైండ్ చేయాలి, లీడ్ ఉండకూడదు, ఎమ్రీ వాడకూడదు. వాళ్ళ ఇన్‌స్పెక్షన్‌వాళ్ళు మాత్రం లీడ్ కొలిచిన మీటరు పేరు, దాని క్యాలిబ్రేషన్ తేదీ రిపోర్టులో రాయమంటున్నారు. మీటరు పేరు దగ్గర "నూలు దారం, నట్లు 30 గ్రాములు" అని రాసి పంపుతున్నాం. క్యాలిబ్రేషన్ కోసం ఆరు నెలలకోసారి ఆ నట్లను బంగారం షాపులో మళ్ళీ తూయిస్తున్నాం.